జౌర్బెక్ మాల్సాగోవ్: ఒక ఇంగుష్ వంశం, ఒక వ్యాకరణం (ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, భాషాశాస్త్ర విద్యార్థులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది జౌర్బెక్ మాల్సాగోవ్ అనే ఇంగుష్ భాషావేత్త గురించి. ఆయన 1894లో పుట్టి 1935లో మరణించారు. నలభై ఏళ్లకు కాస్త అటూ ఇటూగా ముగిసిన ఆ జీవితంలో ఆయన తన భాషకు లాటిన్ అక్షరాలతో లిపిని కూర్చారు, ఆ లిపిలో వెలువడిన తొలి పత్రికకు తొలి సంపాదకులయ్యారు, నాటకాలు రాశారు, 1925లో ఇంగుష్ భాషకు వ్యాకరణం ప్రచురించారు. ఒక్క మనిషి ఇన్ని పనులు చేశాడని ఆశ్చర్యపోయి అక్కడితో ఆగిపోవడం సులువు. నేను ఆ దారిన వెళ్లదలచుకోలేదు. ఆ పనికి కావలసిన చదువు ఎక్కడి నుంచి వచ్చింది, ఆయన పుట్టిన వంశం ఎటువంటిది, ఆ వంశంలో ఎవరెవరు ఎటువైపు వెళ్లారు, ఆయన పోయాక ఆ పనిని ఎవరు చేతుల్లోకి తీసుకున్నారు అన్న విషయాలు చెప్పకుండా ఆ వ్యాకరణాన్ని అర్థం చేసుకోలేమని నేను గట్టిగా నమ్ముతున్నాను. రచయితగా పుస్తకం మీద ఒక్కరి పేరే ఉండవచ్చు. దాని వెనక మాత్రం ఒక వంశం తరాల తరబడి కూడబెట్టుకున్న విద్య ఉంది, అదే వంశం పోగొట్టుకున్న మనుషులూ ఉన్నారు.

ముందుగా ఆ నేల గురించి కొంత చెప్పుకుందాం. కాకసస్ పర్వతాల ఉత్తరపు వాలులో, తూర్పున చెచెన్యా, పడమర ఉత్తర ఒసేతియా, దక్షిణాన జార్జియా సరిహద్దులుగా ఉన్న చిన్న ప్రాంతం ఇంగుషేతియా. ఎగువన అస్సా నది లోయలో, జైరఖ్ లోయలో రాతితో కట్టిన ఎత్తైన బురుజులు ఈనాటికీ నిలిచి ఉన్నాయి. ఎగికల్, తర్గిమ్, వొవ్నుష్కి వంటి ఊళ్లలో ఒక్కొక్క బురుజు ఒక్కొక్క కుటుంబానిది. ఇంగుష్ ప్రజలు తమను తాము గల్‌గాయ్ అని చెప్పుకుంటారు. వారి భాష చెచెన్ భాషకు దగ్గరి చుట్టం. జార్జియాలో ఒక్క ఊరికి పరిమితమై కొద్దిమంది నోటనే మిగిలిన బాత్స్ భాషను కలిపితే ఈ మూడూ నఖ్ శాఖ అవుతాయి. ఈ శాఖ దాగెస్తాన్ భాషలతో కలిసి ఒక పెద్ద కుటుంబంగా ఏర్పడుతుంది. ఆ కుటుంబానికి రష్యన్ భాషతోగాని, తుర్కీ భాషలతోగాని జన్మ సంబంధం లేదు. 2010 జనగణన ప్రకారం రష్యాలో ఇంగుష్ ప్రజల సంఖ్య దాదాపు 4 లక్షల 44 వేలు.

ఇంగుష్ సమాజంలో వంశం అంటే తలలో నిలుపుకోవలసిన విషయం. ఏడు తరాల పూర్వీకుల పేర్లు వరుసగా చెప్పగలగడం ప్రతి అబ్బాయికీ నేర్పే ఆచారం. ఒకే వంశంవారు పెళ్లి చేసుకోరు. ఇంటిపేరు సాధారణంగా ఒక మూలపురుషుడి పేరు మీద వస్తుంది. మాల్సాగ్ అనే పూర్వీకుడి సంతతికి రష్యన్ దస్తావేజులలో చివర ఓవ్ అన్న ప్రత్యయం చేరి మాల్సాగోవ్ అయింది. ఈ వంశీకులు ఎక్కువగా నజ్రాన్ పక్కనున్న ఆల్తియెవో గ్రామానికి చెందినవారు. ఇప్పుడు ఆ గ్రామం నజ్రాన్ పట్టణంలోనే కలిసిపోయింది. లిపి లేని భాషలో ఏడు తరాల పేర్లను తప్పు లేకుండా నోటితో అందించే జాతికి జ్ఞాపకం ఎంత బరువైన బాధ్యతో, ఆ జాతిలో పుట్టిన భాషావేత్తకు తన భాషను కాగితం మీద నిలపడం ఎందుకంత అవసరమనిపించిందో మనం ఊహించగలం.

ఇప్పుడు చదువు ఎలా వచ్చిందో చూద్దాం. 1810లో ఆరు ఇంగుష్ వంశాల పెద్దలు వ్లదికవ్కాజ్‌లో రష్యా సామ్రాజ్యంతో ఒప్పందం చేసుకున్నారు. అప్పటి నుంచి ఒకవైపు తిరుగుబాట్లు, మరోవైపు జార్ సైన్యంలో కొలువు అనే రెండు పరిస్థితులూ పక్కపక్కనే సాగాయి. కొలువులో చేరిన కుటుంబాల పిల్లలకు సైనిక పాఠశాలల తలుపులు తెరుచుకున్నాయి. మరికొందరు పిల్లలకు చదువు దొరికిన తీరు చాలా బాధాకరమైనది. కొండ గ్రామాలు మాట తప్పకుండా ఉండేందుకు హామీగా వారి పిల్లలను రష్యన్ అధికారులు పట్టుకుని తమ దగ్గర ఉంచుకునేవారు. అలా బందీగా తెచ్చిన పిల్లవాడే చాఖ్ అఖ్రియెవ్. 1850లో జైరఖ్ లోయలోని ఫుర్తోగ్ గ్రామంలో పుట్టిన ఆ బాలుడిని వ్లదికవ్కాజ్‌లోని సైనిక బాలుర పాఠశాలలో చేర్చారు. అక్కడి నుంచి స్తావ్రొపోల్ ఉన్నత పాఠశాలకు, ఆ తరువాత ఉక్రెయిన్‌లోని నీజిన్‌లో న్యాయశాస్త్ర విద్యకు వెళ్లి, తన జాతి కథలను, ఆచారాలను, నమ్మకాలను రష్యన్ భాషలో 1870 నుంచి ప్రచురించిన తొలి ఇంగుష్ మానవజాతి పరిశోధకుడయ్యారు. 1914లో ఆయన కన్నుమూశారు. బందీగా తీసుకువచ్చిన పిల్లవాడు తనను బంధించినవారి భాషలోనే తన వారి కథలను భద్రపరచాడు. ఇంగుష్ విద్వత్తు ఇటువంటి పునాది మీద మొదలైందన్న సంగతిని మనం మరచిపోకూడదు. నేడు ఇంగుషేతియాలోని మానవీయ శాస్త్రాల పరిశోధన సంస్థ ఆయన పేరునే పెట్టుకుంది.

మాల్సాగోవ్‌లది రెండో దారి. ఇంగుషేతియా చరిత్రలో ఈ ఇంటిపేరు మొదట వినిపించేది సైనికాధికారుల జాబితాల్లో. మొదటి ప్రపంచ యుద్ధంలో కాకసస్ ముస్లిం జాతులతో ఏర్పరచిన స్వదేశీ ఆశ్విక దళంలో ఇంగుష్ రెజిమెంటు ఒకటి. ఈ వంశీకులు అందులోనూ ఉన్నారు. సామ్రాజ్యం కూలి అంతర్యుద్ధం వచ్చేసరికి ఈ ఒక్క వంశమే రెండు పక్షాలుగా చీలిపోయింది. 1919 తొలి నెలల్లో, బోల్షెవిక్ విప్లవాన్ని వ్యతిరేకించిన జనరల్ దెనీకిన్ తెల్లసేనను ఇంగుష్ గ్రామాలు ఆయుధాలతో ఎదిరించి భారీ నష్టంతో ఓడిపోయాక, ఆ సైన్యం తరఫున ఇంగుషేతియా పాలకుడిగా నియమితుడైన వ్యక్తి జనరల్ సఫర్‌బెక్ మాల్సాగోవ్. అదే తెల్లసేన పక్షాన పోరాడిన అధికారి సొజెర్కొ మాల్సాగోవ్. కొత్త సోవియట్ ప్రభుత్వం ఏర్పడ్డాక దాని పక్షాన నిలిచి తన జాతికి అక్షరాలు కూర్చినవాడు జౌర్బెక్ మాల్సాగోవ్.

సొజెర్కొ కథను కొంత వివరంగా చెప్పడం అవసరం. క్షమాభిక్ష ప్రకటించారన్న మాటను నమ్మి ఆయన 1923లో సోవియట్ అధికారులకు లొంగిపోయారు. వారు ఆయనను అరెస్టు చేసి శ్వేత సముద్రంలోని సొలొవ్కి ద్వీపాల శిబిర వ్యవస్థకు పంపారు. 1925 మే నెలలో తీరంలోని కెమ్ శిబిరం నుంచి నలుగురు సహచరులతో కలిసి కాపలా సైనికులను నిరాయుధులను చేసి తప్పించుకుని, వారాల తరబడి అడవులు, బురదనేలలు దాటి ఫిన్లాండ్ చేరారు. మరుసటి ఏడాది లండన్‌లో ఇంగ్లీషులో అచ్చయిన ఆయన అనుభవాల పుస్తకం ఆ శిబిరాల గురించి బయటి ప్రపంచానికి అందిన తొలి సాక్ష్యాలలో ఒకటి. తరువాత పోలండ్ సైన్యంలో పనిచేసి, రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇంగ్లండులో స్థిరపడి, 1976లో అక్కడే మరణించారు. సొంత ఊరికి మళ్లీ వెళ్లలేకపోయారు.

ఆ సంవత్సరాన్ని ఒకసారి గుర్తుంచుకోండి. 1925లో ఒక మాల్సాగోవ్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆర్కిటిక్ సమీపపు బురదలో నడుస్తున్నాడు. అదే 1925లో వ్లదికవ్కాజ్‌లో మరొక మాల్సాగోవ్ వ్యాకరణం ముద్రణ పొందింది. మొదటివాడిని శిబిరంలోకి తోసిన ప్రభుత్వమే రెండోవాడికి అచ్చుయంత్రం ఇచ్చింది. వీరిలో ఒకరిని వీరుడిని చేసి మరొకరిని అనుమానంగా చూసే రచనలు ఇరువైపులా వచ్చాయి. నాకు ఆ పంచాయితీ సరైనదిగా కనిపించదు. జౌర్బెక్ ముందున్నది ఒక అరుదైన అవకాశం. 1921లో ఏర్పడిన పర్వత ప్రాంత సోవియట్ రిపబ్లిక్‌లోనూ, 1924 జూలైలో విడిగా ఏర్పడిన ఇంగుష్ స్వయంపాలిత ప్రాంతంలోనూ స్థానిక భాషల్లో బడులు, కోర్టులు, పత్రికలు నడపాలన్న విధానం ఉండేది. ఆ విధానం ఎంతకాలం ఉంటుందో ఎవరికీ తెలియదు. అది ఉన్న కొద్ది కాలంలోనే లిపి, పత్రిక, వ్యాకరణం, నాటకం అన్నీ సిద్ధం చేయవలసి వచ్చింది. ఆయన అన్ని పనులు ఒకేసారి చేయడానికి కారణం ఇదే.

లిపి సంగతికి వద్దాం. ఇంగుష్ ప్రజలు సున్నీ ముస్లింలు. మతపాఠశాలల్లో చదివినవారికి అరబిక్ లిపి వచ్చు. వారు ఆ లిపిలోనే తమ మాటలను అక్కడక్కడ రాసుకునేవారు. అయితే ఇంగుష్‌లోని ధ్వనులకు అరబిక్ లిపి చాలదు. పొరుగునున్న చెచెన్ భాషకు రష్యన్ సైనిక ఇంజనీరు, భాషావేత్త ప్యోత్ర్ ఉస్లార్ 1862లో రష్యన్ రాసే సిరిలిక్ అక్షరాల ఆధారంగా ఒక వర్ణమాల తయారుచేశారు. శాస్త్రీయంగా గొప్ప ప్రయత్నమే అయినా జనంలో అది వేళ్లూనుకోలేదు. జౌర్బెక్ లాటిన్ అక్షరాలను ఎంచుకున్నారు. ఈ పనిలో ఆయనకు మాస్కో భాషావేత్త నికొలాయ్ యాకొవ్లెవ్ సాయం లభించింది. 1892లో పుట్టిన యాకొవ్లెవ్ ఉత్తర కాకసస్ భాషల మీద క్షేత్ర పరిశోధన చేస్తున్న యువ శాస్త్రవేత్త. అర్థాన్ని మార్చే ధ్వనులకే అక్షరాలు ఉండాలి, చెవికి వినిపించే ప్రతి చిన్న తేడాకూ అక్షరం పెట్టనక్కరలేదు అన్న సూత్రాన్ని వర్ణమాలల తయారీకి అన్వయించినవారిలో ఆయన ముఖ్యులు. ఆ ధ్వనిశాస్త్ర దృష్టికీ, మాతృభాష చెవిలో ఉన్న జౌర్బెక్ అనుభవానికీ మధ్య జరిగిన సహకారం నుంచి ఇంగుష్ లిపి రూపుదిద్దుకుంది. సోవియట్ భూభాగంలోని అనేక జాతులు లాటిన్ లిపికి మారాలని 1926లో బాకూలో జరిగిన తుర్కీ భాషల మహాసభ పెద్ద ఎత్తున చర్చించేనాటికి ఇంగుష్ భాష ఆ పని చేసి మూడేళ్లయింది.

1923 మే 1న 'సెర్దాలో' పత్రిక తొలి సంచిక వెలువడింది. ఆ మాటకు వెలుగు అని అర్థం. జౌర్బెక్ దానికి సంపాదకులు. చదవగలిగినవారు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది ఉన్న భాషలో పత్రిక నడపడం అంటే వార్తలతో పాటు పాఠకులను కూడా తయారుచేసుకోవడమే. ఒక మాటను ఎలా రాయాలన్న నియమం ఇంకా స్థిరపడని కాలంలో ప్రతి సంచికా ఒక వర్ణక్రమ నిర్ణయం. కొత్త పాలనకు, చట్టానికి, వ్యవసాయానికి, వైద్యానికి కావలసిన పదాలను ఎంచే పని కూడా అదే బల్ల మీద జరిగింది. నా దృష్టిలో ఆయన వ్యాకరణానికి నిజమైన ప్రయోగశాల ఈ పత్రికే. వందేళ్లు దాటిన 'సెర్దాలో' ఇప్పటికీ వెలువడుతోంది.

ఆ వ్యాకరణం ఎటువంటి భాషను ఎదుర్కొన్నదో ఇక్కడున్న విద్యార్థుల కోసం కొంత వివరిస్తాను. ఈ విషయం నాకు చాలా ఇష్టమైనది కనుక కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను.

తెలుగులో 'అన్న వచ్చాడు', 'అక్క వచ్చింది' అన్నప్పుడు లింగభేదం క్రియ చివర కనిపిస్తుంది. ఇంగుష్‌లో అది క్రియ మొదట్లో కనిపిస్తుంది. నామవాచకాలన్నీ కొన్ని వర్గాలుగా విడిపోయి ఉంటాయి. వ, య, బ, ద అనే నాలుగు హల్లులు ఆ వర్గాలకు గుర్తులు. పురుషుడు వస్తే క్రియ ముందు వకారం, స్త్రీ వస్తే యకారం వస్తాయి. వస్తువులు, జంతువులు, భావాలు మాత్రం య, బ, ద గుర్తుల మధ్య పంచుకుని ఉంటాయి. ఏది ఏ వర్గంలోదో చెప్పే నియమం పూర్తిగా దొరకదు, పదంతో పాటు నేర్చుకోవలసిందే. పైగా ఈ గుర్తును అన్ని క్రియలూ తీసుకోవు, కొన్ని మాత్రమే తీసుకుంటాయి. విశేషణాల్లోనూ కొన్నింటికే ఈ మార్పు ఉంటుంది.

అంతకన్నా ఆసక్తికరమైనది క్రియ దేనితో అన్వయిస్తుందన్న ప్రశ్న. 'అబ్బాయి గొడ్డలి తెచ్చాడు' అన్న వాక్యంలో మన క్రియ అబ్బాయిని అనుసరిస్తుంది. ఇంగుష్‌లో ఇటువంటి సకర్మక వాక్యంలో పని చేసినవాడికి ఒక ప్రత్యేక విభక్తి చేరుతుంది, క్రియ ముందున్న వర్గపు గుర్తు గొడ్డలిని అనుసరిస్తుంది. 'అబ్బాయి వచ్చాడు' వంటి అకర్మక వాక్యంలో మాత్రం అబ్బాయికి ఏ విభక్తీ చేరదు, క్రియ అతడినే అనుసరిస్తుంది. అంటే తెచ్చిన వస్తువు, వచ్చిన మనిషి వ్యాకరణం దృష్టిలో ఒకే స్థానంలో ఉంటాయి. రష్యన్ వ్యాకరణ పరిభాషలో కర్త, కర్మ అన్న పెట్టెల్లో ఈ భాషను ఇరికించబోతే అది ఇమడదు. ఆనాటి పండితులలో చాలామంది ఇటువంటి వాక్యాలను కర్మణి ప్రయోగాలుగా వివరించేవారు. ఈ విషయం మీద సిద్ధాంత చర్చ ప్రపంచ స్థాయిలో స్పష్టపడడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది.

తెలుగువారికి ఆత్మీయంగా తోచే విశేషాలు కూడా ఈ భాషలో ఉన్నాయి. వినేవారిని కలుపుకొనే 'మనం', కలుపుకోని 'మేము' అన్న తేడా ఇంగుష్‌లో ఉంది. రష్యన్‌లో అది లేదు. మనం 'లేచి, గొర్రెలను విప్పి, నీళ్లు పెట్టి, కొండకు తోలాడు' అని అసమాపక క్రియలతో వాక్యాన్ని పొడిగించినట్టే వారూ పొడిగిస్తారు. లెక్క ఇరవైలలో సాగుతుంది. ధ్వనుల విషయంలో మాత్రం వారిది వేరే లోకం. మహాప్రాణాలు వంటివి ఒకవైపు ఉండగా, గొంతును క్షణకాలం బిగించి విడిచే క, త, ప, చ వంటి హల్లులు మరోవైపు ఉంటాయి. గొంతులో లోతుగా, కొండనాలుక దగ్గరా పుట్టే హల్లులు మరికొన్ని. ఈ తేడాల మీద అర్థాలు ఆధారపడతాయి కనుక వీటన్నిటికీ వేరువేరు గుర్తులు కావాలి.

ఇటువంటి భాషకు జౌర్బెక్ రాసిన వ్యాకరణం రష్యన్ భాషలో, పదసంచయంతో కలిసి వచ్చింది. ఇంగుష్ మాతృభాషగా గల వ్యక్తి తన భాషకు రాసిన తొలి శాస్త్రీయ వ్యాకరణం అదే. అప్పటికి కాకసస్ భాషల వ్యాకరణాలు ఎక్కువగా బయటి నుంచి వచ్చిన సైనికాధికారులు, యూరపియన్ పండితులు రాసినవి. వారు ఎంత నిశితంగా విన్నా, వారికి ఉదాహరణలు ఇచ్చిన స్థానికుల పేర్లు ముందుమాటల్లో ఒక వాక్యంగా మిగిలిపోయేవి. ఇక్కడ ఆ స్థానికుడే కలం పట్టాడు. భాషాశాస్త్ర చరిత్రలో ఈ మార్పును చిన్నదిగా చూడకూడదని నా మనవి.

ఆయన నాటకాల గురించి క్లుప్తంగా చెబుతాను. 1923లో వచ్చిన ఒక నాటకం పెళ్లి కోసం అమ్మాయిని ఎత్తుకుపోయే ఆచారం గురించి, 1927లో వచ్చిన మరొకటి రక్తపగ గురించి. ఇవి రెండూ ఆనాటి ఇంగుష్ కుటుంబాలను తరాలపాటు పీడించిన సమస్యలు. చదవలేని ప్రజల దగ్గరకు రాతభాష చేరడానికి రంగస్థలం దగ్గరి దారి. పల్లెలో కూర్చుని నాటకం చూసినవారు పత్రికలో ఉన్న భాష తమదేనని చెవితో గుర్తుపట్టగలిగారు.

1926లో వ్లదికవ్కాజ్‌లో ఇంగుష్ ప్రాంతీయ పరిశోధన సంస్థ ఏర్పడింది. భాష, జానపద సాహిత్యం, పురావస్తువులు, బురుజుల నిర్మాణం అన్నీ దాని పరిధిలోకి వచ్చాయి. చెచెన్, ఇంగుష్ వర్ణమాలలను ఏకం చేయడం గురించి, అందుకు సంబంధించిన సాంస్కృతిక కృషి గురించి జౌర్బెక్ 1928లో రాసిన రచన ఆయన ఆలోచన ఎటు సాగుతున్నదో చూపిస్తుంది. రెండు దగ్గరి భాషలు వేరువేరు లిపి నియమాలతో విడిపోతే పాఠ్యపుస్తకాలు, పాఠకులు రెండుగా చీలిపోతారన్నది ఆ కాలపు ఆందోళన. 1934 జనవరిలో చెచెన్, ఇంగుష్ ప్రాంతాలను ప్రభుత్వం పరిపాలనాపరంగా ఒకటి చేసింది. ఉమ్మడి వర్ణక్రమం కోసం ప్రయత్నాలు ఆ ఏడే జరిగాయి. అంతకు ముందే, 1933లో, ఇంగుష్ ప్రాంతానికీ ఉత్తర ఒసేతియాకూ ఉమ్మడి కేంద్రంగా ఉన్న వ్లదికవ్కాజ్ నగరం పూర్తిగా ఒసేతియాకు వెళ్లింది. ఇంగుష్ ముద్రణకు, చదువుకు పుట్టినిల్లయిన ఊరు అలా చేజారింది. 1935లో జౌర్బెక్ మరణించారు. మూడేళ్ల తరువాత, 1938లో, ఆయన కూర్చిన లాటిన్ లిపిని తొలగించి సిరిలిక్‌ను తెచ్చారు. లాటిన్ అక్షరాలతో చదవడం నేర్చుకున్న తరం పదిహేనేళ్లలో మళ్లీ ఓనమాలు దిద్దవలసి వచ్చింది. ఈ మార్పును ఆ భాష మాట్లాడేవారు కోరలేదు. దూరంగా ఉన్న రాజధానిలో నిర్ణయం జరిగింది. 1937, 1938 సంవత్సరాల అరెస్టులలో ఆ ప్రాంతపు చదువుకున్న తరం చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది.

మిగిలినవారిలో ఒకరు అదే వంశానికి చెందిన దోష్లుకొ మాల్సాగోవ్. 1898లో పుట్టిన ఈయన భాషావేత్త, జానపద సాహిత్య పరిశోధకుడు. చెచెన్, ఇంగుష్ మాండలికాల మీద, ఉమ్మడి సాహిత్య భాష అభివృద్ధి మార్గాల మీద ఆయన రాసిన పుస్తకం 1941లో చెచెన్యా ముఖ్యపట్టణం గ్రోజ్నీలో వచ్చింది. జౌర్బెక్ 1928లో ఎత్తిన ప్రశ్నకు మాండలికాల ఆధారాలతో సమాధానం వెతికిన గ్రంథం అది. పుస్తకం వచ్చిన మూడేళ్లకు చదవవలసిన జాతే అక్కడ లేకుండా పోయింది.

1944 ఫిబ్రవరి 23న సోవియట్ రహస్య పోలీసు దళాలు చెచెన్, ఇంగుష్ ప్రజలందరినీ, దాదాపు 5 లక్షల మందిని, పశువుల రైలు పెట్టెల్లో కుక్కి కజఖ్‌స్తాన్‌కు, కిర్గిజియాకు తరలించాయి. దారిలోనూ, మొదటి చలికాలాల్లో ఆకలితో, విషజ్వరంతోనూ చనిపోయినవారి సంఖ్య చాలా పెద్దది. చెచెన్-ఇంగుష్ రిపబ్లిక్‌ను రద్దు చేశారు. గ్రామాల పేర్లు మార్చారు. బడి లేదు, పత్రిక లేదు, ఆ భాషలో అచ్చు లేదు. చాఖ్ అఖ్రియెవ్ కుమారుడు రషీద్‌బెక్ ఉత్తర కాకసస్ జాతుల నుంచి వచ్చిన తొలి విమాన చోదకులలో ఒకరు. 1942లో లెనిన్‌గ్రాద్ రక్షణలో ప్రాణాలిచ్చారు. రెండేళ్ల తరువాత ఆయన జాతిని మొత్తంగా దేశద్రోహులుగా ముద్రవేసి తరిమేశారు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, దాన్ని దాచుకోవలసిన అవసరం కూడా నాకు కనిపించదు.

ఆ పదమూడేళ్లలో భాష ఇళ్లలోనే బతికింది. తల్లులు, తాతలు కథల రూపంలో, పాటల రూపంలో, ఏడు తరాల పేర్ల రూపంలో దాన్ని పిల్లలకు అందించారు. ప్రవాసం చివరి సంవత్సరాల్లో కజఖ్‌స్తాన్‌లోని ఆల్మా-అతా నుంచి వారి భాషల్లో ఒక పత్రిక వెలువడడానికి అనుమతి దొరికింది. 1957 జనవరి 9న రిపబ్లిక్‌ను పునరుద్ధరించారు. అయితే వ్లదికవ్కాజ్‌ను ఆనుకుని ఉన్న ప్రిగొరొద్నీ జిల్లాను ఇంగుష్ ప్రజలకు తిరిగి ఇవ్వలేదు. ఆ గాయం 1992 శరత్కాలంలో రక్తపాతంగా బయటపడింది.

తిరిగివచ్చిన తరువాత జరిగిన రెండు పనులు మన విషయానికి ముఖ్యం. మొదటిది, 1959లో దోష్లుకొ మాల్సాగోవ్ ప్రాచీన రష్యన్ వీరగాథ అయిన 'ఇగొర్ సైనిక గాథ'లో పండితులకు కొరకరాని కొయ్యలుగా ఉన్న కొన్ని పదాలను చెచెన్, ఇంగుష్ భాషల సాయంతో వివరించే ప్రయత్నం చేశారు. ఆయన వివరణలన్నీ నిలబడ్డాయా అన్నది వేరే చర్చ. కొన్నేళ్ల క్రితం వరకు పేరెత్తడానికే వీలులేని భాషను, రష్యన్ సాహిత్యానికి ఆదిగ్రంథంగా భావించే రచనను వివరించే ఆధారంగా నిలబెట్టడం సామాన్యమైన ధైర్యం కాదు. ఆయన 1966లో మరణించారు. రెండోది, 1963లో జౌర్బెక్ వ్యాకరణం గ్రోజ్నీ పరిశోధన సంస్థ సంపుటాల్లో మళ్లీ అచ్చయింది. మొదటి ముద్రణకూ దానికీ మధ్య ముప్పై ఎనిమిదేళ్లు. ఈ వ్యవధిలో రచయిత పోయారు, లిపి మారింది, జాతి మొత్తం దేశాంతరం వెళ్లి వచ్చింది. కొత్తగా తెరిచిన బడుల్లో ఇంగుష్ నేర్పవలసిన ఉపాధ్యాయులకు, విశ్వవిద్యాలయ విద్యార్థులకు చేతికందిన తొలి ఆధారాలలో 1925 నాటి ఈ పని ఒకటైంది.

ఆ తరువాతి చరిత్రను వేగంగా చెబుతాను. 1980లో మాస్కోలో రష్యన్–ఇంగుష్ నిఘంటువు వచ్చింది. 1992 జూన్ 4న ఇంగుషేతియా విడి రిపబ్లిక్ అయింది. 2005లో అక్కడే ఇంగుష్–రష్యన్ నిఘంటువు వెలువడింది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన భాషావేత్త జొహానా నికల్స్ దశాబ్దాల పాటు ఈ భాష మీద పనిచేసి 2004లో నిఘంటువును, 2011లో బృహత్తర వ్యాకరణాన్ని ప్రచురించారు. యునెస్కో భాషల పటంలో ఇంగుష్ 'దుర్బల స్థితిలో ఉన్న' భాషల వర్గంలో ఉంది. ఇళ్లలో బాగానే వినిపిస్తుంది. కార్యాలయాల్లో, ఉన్నత విద్యలో రష్యన్‌దే పైచేయి.

ఇక్కడ ద్రావిడ భాషల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థులు కొందరు ఉన్నారని నాకు తెలుసు. అసమాపక క్రియల గొలుసులను, మనం–మేము భేదాన్ని, లింగ అన్వయాన్ని మీరు తులనాత్మకంగా చూడాలనుకుంటే ఇంగుష్ చాలా ఫలవంతమైన భాష. నికల్స్ వ్యాకరణం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో నామవాచక వర్గాల అధ్యాయాన్ని ముందు చదవండి. రష్యన్ వచ్చినవారు దాని పక్కన జౌర్బెక్ మాల్సాగోవ్ వ్యాకరణం 1963 ముద్రణను పెట్టుకుని, ఒకే విషయాన్ని ఆయన 1925లో ఏ పరిభాషతో పట్టుకోవడానికి ప్రయత్నించారో పోల్చి చూడండి. అటువంటి పోలిక తెలుగులో ఇంతవరకు నా కంటపడలేదు. మీలో ఎవరైనా పూనుకుంటే పుస్తకాలు సమకూర్చడంలో నాకు చేతనైనంత సాయం చేస్తాను.

నమస్కారం.